మూల తెగిన అట్టలు

అనసూయ అట్టముక్క మీద ‘మెల్లగా’ అని రాసి, సిరా ఆరేదాకా ఊది అత్త సోమక్కకు అందించింది. ఆమె కత్తెరతో దాని రెండు మూలలూ కోసింది. తర్వాత ‘ఎర్రని’. దానికి ఒక్క మూలే.

అనసూయ బడిలో వాడే ఆ అట్టల మీద, చూపు మందగించిన సోమక్క కోసం పెట్టుకున్న గుర్తు అది. కోడలు పొయ్యి దగ్గరున్నప్పుడు, కలిసిపోయిన అట్టల్ని ఆమె వేళ్లతో తడిమి వేరుచేసేది. ఒక మూల తెగితే విశేషణం, రెండు తెగితే క్రియావిశేషణం. అనసూయ భర్త పోయి ఆరేళ్లు. బావగారి బట్టల దుకాణం వెనక గదిలో, దుకాణం పారేసే అట్టపెట్టెలతో, ఇద్దరూ కలిసి చేసే పని అదే.

ఆ రోజు అనసూయ తాత్కాలికంగా చదువు చెప్పే బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆయన మంచిగా రాస్తే హసన్‌పర్తిలో ఖాయం ఉద్యోగం, ఉండటానికి ఒక గది. ఆ గదిలో అత్త మంచం ఎక్కడ వేయాలో అనసూయ ఒక్కసారీ ఊహించుకోలేదు.

మూడో తరగతి పద్మ అట్టలన్నీ తీసి గబగబా రెండు డబ్బాల్లో వేసింది. ఒక్కటీ తప్పలేదు. ఇన్‌స్పెక్టర్ రాజేశ్వర్ రావు ఆ పిల్ల వేళ్ల వైపే చూశాడు.

“కండ్లు మూసుకొని వెయ్యి బిడ్డా.”

పద్మ మూసుకొనే వేసింది. అన్నీ సరిగ్గానే పడ్డాయి. ఆయన అవే మాటలు బోర్డు మీద రాసి అడిగితే సగం తప్పింది.

“శాబాష్! మీ పిల్లలకు కండ్లతోటి పనే లేదు టీచరమ్మా. వచ్చే ఏడు చూద్దాం తియ్యి.”

మధ్యాహ్నం అనసూయ ఇంటికొచ్చి డబ్బా నేలకేసి కొట్టింది.

“నీ కత్తెర నా కొంప ముంచింది అత్తా! ఇగ మూలలు కొయ్యకు.”

“మూల లేకుంటే నాకెట్ల తెలుస్తది బిడ్డా?”

“నీకు తెల్వకున్నా నడుస్తది.”

అన్నం ముట్టకుండా బడికి వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా అదే పాఠం. పేరు ఎలాంటిదో చెప్పేది విశేషణం, పని ఎలా జరిగిందో చెప్పేది క్రియావిశేషణం. పిల్లలు వల్లిస్తుంటే, ఒళ్లో ఉన్న అట్ట మూలను తన బొటనవేలు తడుముతూ ఉండటం అనసూయ గమనించింది. వేలిని ఆపింది. కాసేపటికి అది మళ్లీ మొదలుపెట్టింది.

ఇంటికొచ్చేసరికి తను తినకుండా వదిలిన కంచం మీద మూత ఉంది. సోమక్క గోడకు ఆనుకొని తల వాల్చింది. నిద్రనుకుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

ముందు తోచింది దుఃఖం కాదు, ఈ గదంతా ఇక తనదేనన్న మాట. ఆ మాట పైకి అనేశానేమోనని తలుపు వైపు చూసింది. ఆ తర్వాతే అత్త చేతిని మళ్లీ పట్టుకుంది.

అత్త ఒళ్లో, మూసిన కత్తెర పక్కన, కొత్తగా కోసిన అట్టముక్కలున్నాయి. అన్నీ ఒకే కొలత. ఇంకా ఏమీ రాయని ఆ తెల్లటి ముక్కలకు నాలుగు మూలలూ ఉన్నాయి.