రెండు ఆషాఢాల ఏడాది

సూర్యారావు కోతలు రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళందరికీ కంఠతా వచ్చు. డోంగర్‌గఢ్ దగ్గర పట్టాల మీద పులి అడ్డంగా పడుకుంటే, ఆవకాయ ముద్ద చూపించి రాయపూర్ దాకా ఇంజను వెంట పరిగెత్తించానని చెప్పేవాడు. ఈ ఏడు అధికమాసం వచ్చి ఆషాఢాలు రెండయ్యేసరికి ఆయనకి కొత్త సరుకు దొరికింది. "పాపం కొత్త అల్లుళ్ళు! రెండు ఆషాఢాలు పెళ్ళాం మొహం చూడకూడదు. ఒకడు తట్టుకోలేక గూడ్సుబండిని కావిలించుకున్నాడు" అని కనపడ్డవాళ్ళనల్లా నవ్వించాడు.

ఆ రెండు ఆషాఢాలే ఇవాళ వకీలు గదిలో ఆయనకి అడ్డం తిరిగాయి.

ఆయన తమ్ముడు మల్లేశ్వరరావు కిందటి కార్తీక పౌర్ణమి మర్నాడు గుఢియారీలో ఒక బియ్యం మిల్లులో బెల్టు తెగి తలకి తగిలి పోయాడు. అతుకు మీద అతుకేసిన బెల్టు. మార్చమంటే యజమాని "నడుస్తోందిగా" అన్నాడట. మరదలు అప్పలనరసమ్మ తెగిన ముక్కని పాతచీరలో చుట్టి దాచింది. ఎండాకాలంలోనే అడిగింది, "బావగారూ, దావా వేసేద్దామా?" అని.

"ఏటమ్మా తొందర? ఏటిసూతకంలో కోర్టు గుమ్మం తొక్కుతావేటి? ఏడాది గడువుందట. సంవత్సరీకం పెట్టిన మర్నాడే నేనే తీసుకెళ్తాను" అన్నాడు.

పెద్దవాడి మాట. ఆవిడ ఆగింది. నిన్న సంవత్సరీకం పెట్టారు.

"మియాద్ ఖతమ్ హో గయీ, బాబూజీ" అన్నాడు వకీలు, గడువు అయిపోయిందని. గోడమీది ఇంగ్లీషు క్యాలెండరు చూపించాడు. మనిషి చనిపోయిన తారీఖు నుంచి ఏడాదే గడువట. అధికమాసం కలిసి సంవత్సరీకం తిథి ఆ తారీఖు దాటాక వచ్చింది. మీ తిథులూ అధికమాసాలూ కోర్టుకి పట్టవన్నాడు.

"కొద్ది రోజులే కదా సాబ్?"

"ఒక్క రోజు దాటినా అంతే."

బయట వరండాలో అప్పలనరసమ్మ ఆ బెల్టు మూట ఒళ్ళో పెట్టుకుని కూచుంది. "ఏమన్నారు బావగారూ?"

నోట్లో అబద్ధం తయారుగానే ఉంది. జడ్జీగారు సెలవులో ఉన్నారని, వచ్చే నెల రమ్మన్నారని. ఇంతకన్నా పెద్దవి ఎన్ని ఆడలేదు? నోరు తెరిచాడు. ఆవిడ మూటముడి విప్పుతోంది, లోపలికి తీసుకెళ్ళి చూపించాలని.

"గడువు దాటిపోయిందమ్మా. ఆషాఢాలు రెండొచ్చాయి. నేను లెక్క చూసుకోలేదు."

"చాల్లెండి మీ వేళాకోళం!" అని నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసింది.

విప్పిన ముడి మళ్ళీ వేసింది.

"రెండు ఆషాఢాలని ఊరంతా నవ్వించారు కదా బావగారూ."

ఆయన వెళ్ళి టాంగా పిలిచాడు. టాంగా ఎక్కాక ఆవిడ మూటని ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీ ఇంట్లో ఉంచండి. కథలు వినడానికొచ్చినవాళ్ళకి దీని కథ చెప్పండి. ఏమీ కలపకుండా చెప్పండి."

గుర్రం కదిలింది. సూర్యారావు మూటని రెండు చేతులా పట్టుకున్నాడు. చీరలోంచి ఇంకా మిల్లు తవుడు వాసన వస్తోంది.