కోపానికి మొలిచిన పుచ్చపాదులు

పుష్యమాసం వచ్చిందంటే జగ్గమ్మ ఇంటి అరుగు మీద చోటు దొరకదు. నెల్లిమర్లకు రెండు కోసుల దూరంలో, చంపావతి ఏటి గట్టున ఉన్న ఆ ఊళ్లో మంచుకి ఉతికిన బట్టలు ఆరవు, ఉడకేసిన ధాన్యం ఆరదు. ఎవరింట్లో ఏది ఆరకపోయినా తెచ్చి జగ్గమ్మ గోడకి ఆనించి పోతారు. ఆవిడకి కోపం వస్తే ఇల్లు వేడెక్కుతుంది. కోపం రాని రోజంటూ సాధారణంగా ఉండదు. ఎప్పుడైనా గోడ చల్లబడినట్టు అనిపిస్తే పొరుగింటి దాలమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, "పిన్నీ, మీ ఆవు మా గెడ్డి తినేసినాది" అని ఒక అబద్ధం ఆడి పోయేది. ఇంకో గంటకల్లా బట్టలు పెళపెళలాడేవి.

ఆ వేడితో అసలు అక్కర పుచ్చ మొక్కలకి. పుష్యంలో ఏరు తగ్గి ఇసుక మేట పైకి తేలుతుంది. మాఘంలో ఆ ఇసుకలో గోతులు తీసి పాదులు పెట్టాలి. అప్పటిదాకా మొక్కల్ని ఇంట్లోనే పెంచాలి. పుచ్చ మొక్క చలికి ఆగదు, ఒక్క రాత్రి మంచు తగిలితే మెడ వాల్చేస్తుంది. అందుకని ఆడవాళ్లు అడ్డాకు దొప్పల్లో ఎరువూ ఇసుకా కలిపి, గింజ నాటి, వంటింటి పక్క గదిలో వరసగా పెట్టుకుంటారు. రథసప్తమి పొద్దున్న ఏటి పెద్ద జోగయ్య మేట మీద నిలబడతాడు. బతికున్న మొక్కలు ఎన్ని తెస్తే అన్ని గోతులు ఇస్తాడు, అదీ తెచ్చిన ఆడమనిషి పేరు మీదే. ఇరవైకి ఒక్కటి తగ్గినా వెనక్కి పొమ్మంటాడు. పొలాలు మగవాళ్లవి, మేట ఆడవాళ్లది. ఊరు పుట్టినప్పటినుంచీ అంతే.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో జగ్గమ్మ కోడలు నీలవేణి తన పేరున నలభై దొప్పలు వేరే పెట్టుకుంది.

కాపురానికి వచ్చి మూడేళ్లైంది. మొగుడు నరసింగరావు నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. అమ్మ దగ్గర అమ్మ మాట, పెళ్లాం దగ్గర పెళ్లాం మాట చెప్పి, సోమవారం తెల్లారకుండా సైకిలెక్కేవాడు. అలాంటివాడు కూడా ఒక్క విషయంలో మాటిచ్చాడు. మేట మీద వాటా తెచ్చుకుంటే అక్కడే పాక వేస్తానన్నాడు, వేరు కాపురం పెడదామన్నాడు. ఆ మాట కోసమే నీలవేణి బతుకుతోంది. ఆ ఇంట్లో ఇంకో ఏడాది ఉంటే తను చచ్చిపోతానని ఆమెకి గట్టిగా అనిపించేది.

మొక్కలు బతకాలంటే అత్తకి కోపం రావాలి. అది తెప్పించడం నీలవేణికి పెద్ద పని కాదు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేది. చీపురు నిలబెట్టి ఉంచేది. దీపాల వేళకి కావాలనే నిద్రపోయేది. జగ్గమ్మ అందుకునేది. కోడలి పుట్టింటినీ, నడకనీ, నవ్వునీ, జడనీ దేన్నీ వదిలేది కాదు. నీలవేణి తల వంచుకుని నిలబడి, మారుమాట ఆడకుండా, ఓరకంట దొప్పల్నే చూసుకునేది. తిట్టుకో ఆకు వేసేది మొక్క. ఊళ్లో వాళ్లు మాత్రం ఎంత ఓర్పున్న పిల్ల అని మెచ్చుకునేవారు. ఓర్పూ లేదు, పాడూ లేదు. ఆమె లోపల అన్నీ దాచుకుంటోంది.

ఒకరోజు దాలమ్మ ఊరుకోక, ఈ ఏడు నీ కోడలి మొక్కలు నీ వాటి కన్నా ఏపుగా ఉన్నాయని అనేసి పోయింది. జగ్గమ్మ గదిలోకి వెళ్లి నలభై దొప్పల్నీ చూసింది. ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. తన నోటితో తనే కోడల్ని సాగనంపుతోందని ఆవిడకి తెలిసిపోయింది. కొడుకు వేరుపడితే ఆదివారం కూడా ఈ గుమ్మం తొక్కడు. ఆ పూట అన్నం తినకుండా చాలాసేపు కూచుంది.

మర్నాడు పొద్దున్న నీలవేణి లేచేసరికి అత్త పక్కనే కూచుని నుదురు నిమురుతోంది.

"సలిగా ఉన్నాది తల్లీ. ఇంకాసేపు తొంగో. కల్లాపి నాను సల్లేస్తాను."

నీలవేణి దిగ్గున లేచి దొప్పల గదిలోకి పోయి గోడ తాకి చూసింది. ఆ రోజు పులుసులో గుప్పెడు ఉప్పు వేసింది. జగ్గమ్మ ముక్కలు కూడా మిగల్చకుండా తిని, పెరుగు మీది మీగడ కోడలి కంచంలో వేసింది. చీపురు నిలబెడితే నవ్వుతూ తీసి పడుకోబెట్టింది. దాలమ్మ వచ్చి ఆవు గడ్డి తిన్నదంటే, "తిననీయే, నోరు నేని జీవం" అంది. దాలమ్మ ఆ మాటకి బెదిరిపోయి, తన తడి బట్టలు తీసుకుని ఇంటికి పరిగెత్తింది. మూడో రోజుకి అరుగు ఖాళీ అయింది. గోడలు నూతిరాళ్లలా చల్లబడ్డాయి.

అత్త కొట్టిందంటే తీర్పుకి నలుగుర్ని పిలవొచ్చు. మీగడ వేసిందని ఎవరితో చెప్పుకుంటుంది? ఇంత పగ ఈ ముసలిదానికి ఎక్కడిదని నీలవేణి కుళ్లిపోయింది. మొక్కలు వాలడం మొదలుపెట్టాయి. మొగుడు తెచ్చిన చిరుగు గోనెలు ఆకులకి తగలకుండా పుల్లల మీద పందిరిలా కప్పింది. తలుపు సందుల్లో గడ్డి కూరింది. చన్నీళ్లు మానేసి, పొద్దెక్కాక గోరువెచ్చని నీళ్లు చెంచాతో పోసింది. అయినా రోజుకి రెండు మూడు పోతూనే ఉన్నాయి. తట్టుకోలేక ఒక సాయంత్రం మూకుట్లో ఊకనిప్పు పెట్టి గది మూసేసింది. తెల్లారేసరికి గది నిండా పొగ, పది మొక్కల ఆకులు పండిపోయి ఉన్నాయి. ఆ పొరపాటుకి తన చెంపలు తనే వాయించుకుంది. ఇక మిగిలినవి ఇరవైమూడు.

జగ్గమ్మ పరిస్థితీ గొప్పగా లేదు. పుట్టి బుద్ధెరిగి దుప్పటి కప్పుకోని మనిషి. ఇప్పుడు కోపం వచ్చినప్పుడల్లా గుటక వేసి మింగడంతో ఆవిడ ఒళ్లు లోపల్నించి చల్లబడుతోంది. పెదాలు నల్లబడ్డాయి, చేతులు వణుకుతున్నాయి. అయినా నవ్వు మానలేదు. తన ప్రాణం పోయినా సరే, కోడలు గడప దాటకూడదని ఆవిడ పంతం.

రథసప్తమి ఇంక రెండు రోజులుందనగా మిగిలినవన్నీ తలలు వాల్చేశాయి. నీలవేణి దొప్పల ముందు చతికిలబడి ఉంది. జగ్గమ్మ గిన్నెలో గడ్డకట్టిన కొబ్బరినూనె పట్టుకుని వచ్చి వెనక కూచుంది. వణికే వేళ్లతో కోడలి జడ విప్పుతూ అంది.

"పోతే పోనీయే. నా కూతురల్లే నా కాడే ఉండిపో. మీ అయ్య బతికుంటే ఇది సూసి ఎంత సంతోసించేవోడో."

నీలవేణి తండ్రి పోయి రెండేళ్లు. కబురు వచ్చిన రోజున పొయ్యి మీద ధాన్యం గూనలున్నాయి. ఈ ధాన్యం ఉడికి, ఆరి, కొట్లో పడ్డాక వెళ్లమంది జగ్గమ్మ. మూడో రోజు వెళ్లేసరికి ఏటి ఒడ్డున బూడిద కూడా లేదు. ఆ రోజు కూడా నీలవేణి మారుమాట ఆడలేదు.

ఇప్పుడూ పెద్దగా ఏమీ అనలేదు.

"మా అయ్య పేరు నీ నోటంట రాకూడదు" అంది.

గిన్నెలో నూనె కరిగిపోయింది. జగ్గమ్మ చురుక్కుమని చేతులు వెనక్కి లాక్కుంది. గోడ తడి ఆరి మచ్చలు తేలింది, చూరు మీది మంచు బొట్లు బొట్లుగా కారింది. మూడేళ్లు దాచుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. తలలు వాల్చిన మొక్కల్లో రెండు మాత్రం లేవలేదు, మిగిలినవన్నీ నిటారుగా నిలబడ్డాయి. అరగంటలో దాలమ్మ తన తడి బట్టలన్నీ మోసుకుని అరుగెక్కింది.

రథసప్తమి పొద్దున్న జోగయ్య ఇరవైఒక్క దొప్పల్నీ ఒకటికి రెండుసార్లు చూసి, నీలవేణి పేరు మీద ఇరవైఒక్క గోతులు చూపించాడు. నరసింగరావు సెలవు పెట్టి వచ్చి తాటాకుతో పాక వేశాడు. వేస్తున్నంతసేపూ ఊరి వైపు చూడలేదు. ఆ ముసలిదాన్ని నా గుమ్మం తొక్కనిస్తే నేను మా అయ్యకి పుట్టలేదని నీలవేణి అందరూ వినేలా ఒట్టు పెట్టుకుంది.

శివరాత్రికి గాని చలి పోదు. ఏటి మీది గాలి ఊళ్లో గాలి కన్నా పాడుది. మేట మీద అందరి పాదులూ గోనెలు కప్పుకుంటే, నీలవేణి పాదులు మాత్రం తీగలు సాగుతున్నాయి. మొగుడు మిల్లుకి పోయాక ఒక్కతే ఉండేది.

వారం గడిచాక ఒక తెల్లారగట్ల పాక వెనక ఏదో ఆనుకున్నట్టు తాటాకు గరగరలాడింది. కన్నంలోంచి చూస్తే జగ్గమ్మ. గోడకి వీపు ఆనించి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పళ్లు కొట్టుకుంటూ కూచుంది. మింగిన కోపం ఆవిడకి మళ్లీ పైకి రాలేదు. ఊళ్లో ఆవిడ ఇల్లిప్పుడు అందరి ఇళ్లలాంటిదే.

నీలవేణి తలుపు తియ్యలేదు. పొమ్మనీ అనలేదు. గోడకి ఇవతల వీపు ఆనించి కూచుని తిట్టడం మొదలుపెట్టింది. కాపురానికొచ్చిన రోజు నడక బాలేదన్న మాట నుంచి ఎత్తుకుని, ఊరగాయ జాడీల దాకా, చద్దికూటి దాకా వచ్చింది. తాటాకు వేడెక్కింది. అవతల పళ్లు కొట్టుకోవడం ఆగింది. నీలవేణి ఊపిరి కోసం ఆగేసరికి అట్నుంచి గొంతు వినిపించింది.

"నీకు తెలీందొకటున్నాది. పోయినేడు మీ అమ్మ నిన్ను తోలమని మనిసినంపింది. ఇంటికాడ నేదని సెప్పి నానే తిప్పి పంపేసినాను."

నీలవేణి ఒళ్లు భగ్గుమంది. ఆ వేళ పాదుల మీద మంచు నిలవలేదు.

మర్నాడు మళ్లీ వచ్చింది, ఇంకోటి చెప్పింది. రోజూ వచ్చింది. నీలవేణి తలుపు మాత్రం తెరవలేదు. జగ్గమ్మ రోజుకొక పాత పాపం తెచ్చి గోడ దగ్గర పెట్టి, కాచుకుని, పొద్దెక్కాక కర్ర పట్టుకుని వెళ్లిపోయేది. అలా కొన్నాళ్లకి అన్నీ అయిపోయాయి. శివరాత్రి ఇంక మూడు రోజులుందనగా జగ్గమ్మ వచ్చి ఊరికే కూచుంది. తాటాకు చల్లగా ఉంది. అవతల వణుకు గోడలోంచి ఇవతలికి తెలుస్తోంది.

కోపం తెచ్చుకోవడానికి ఇంకేదైనా మిగిలిందా అని నీలవేణి చాలాసేపు వెతుక్కుంది. ఏదీ దొరకలేదు. చివరికి గొంతు పెంచి, కాపురానికొచ్చిన కొత్తలో నా వెండి కడియాలు దొంగిలించింది నువ్వు కాదా అని అడిగింది. ఆమెకి వెండి కడియాలు ఎప్పుడూ లేవు.

అవతల వీపు గోడకి ఇంకాస్త దగ్గరగా ఆనుకుంది.

"నానే తీసినాను" అంది జగ్గమ్మ. "తిట్టు."