అడగాల్సిన మనిషి

ఇంటికి రాగానే కర్పగం వంటింట్లో అడుగు పెట్టకూడదు. పెరట్లో తలకు పోసుకుని, బట్టలు మార్చుకుని, అప్పుడు పొయ్యి ముట్టించాలి. "పీనుగల కాడ నిలబడి వచ్చేదానివి," అని అత్త ముత్తమ్మాళ్ మూడేళ్ళ కిందట అన్న మాట కోవిల్‌పట్టిలోని ఆ ఇంటికి చట్టమైపోయింది. అత్యవసర విభాగంలో నర్సుగా తొమ్మిదేళ్ళు నెత్తురు తుడిచినప్పుడు లేని మైల, అవయవదాన సమన్వయకర్త అయ్యాక వచ్చింది. మెదడు చనిపోయినవారి ఇంటివాళ్ళతో మాట్లాడి, అవయవాలు ఇస్తారా అని అడగడం ఆమె పని. "ఏడ్చేవాళ్ళ కాడ అడుక్కునే పని," అంటాడు భర్త పాండియరాజన్.

ఆ గురువారం పొద్దున విరుదునగర్ ఆసుపత్రిలో మారిసామి అనే ముప్పై ఏళ్ళ రైతు మెదడు చనిపోయిందని వైద్యులు రెండోసారి పరీక్షించి తేల్చారు. ఎట్టయాపురం పక్క పల్లె అతనిది. బండి మీద పోతుంటే లారీ గుద్దింది. గుండె మాత్రం యంత్రం అండతో కొట్టుకుంటోంది. కర్పగం నోరు తెరవకముందే అతని అన్న పెరుమాళ్సామి ఒప్పేసుకున్నాడు. అవయవాలిస్తే కలెక్టరు వచ్చి పూలమాల వేస్తాడని ఎవరో చెప్పారట. కాగితం ఇస్తే తండ్రి చేత వేలిముద్ర వేయిస్తానన్నాడు.

మారిసామి భార్య తమిళ్‌సెల్వి గోడవారగా కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఆమెకు నీళ్ళిచ్చారే గాని ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె తనలో తాను గొణుక్కునేది తెలుగని విని, కర్పగం మగవాళ్ళను బయటికి పంపి, నేల మీదే పక్కన కూర్చుంది. అరవం వదిలి, తన ఇంట్లోనూ మాట్లాడే తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పింది: ఆయన ఇక లేవడని, ఇస్తే వేరేవాళ్ళు బతకొచ్చని, ఇవ్వకపోయినా ఎవరూ తప్పు పట్టరని.

"నన్నా అడగతా ఉండారు, అక్కా?"

"నిన్నే."

తమిళ్‌సెల్వి చాలాసేపు చీర అంచు నలిపింది. "నాకొద్దక్కా. ఆయన్ని ఎట్ల ఉండారో అట్లనే ఇంటికి తీసకపోతాను."

కర్పగం 'నిరాకరించారు' అని రాసింది. ఆడదాని మాటకు ఇంత విలువా అని పెరుమాళ్సామి వరండా అదిరేలా అరిచాడు. పెద్ద డాక్టరు బాలచందర్ అరవలేదు. తండ్రి సిద్ధంగా ఉన్నాడు కదా, ఆమెకు కాస్త నచ్చజెప్పలేకపోయావా అని మెల్లగా అడిగాడు. ఆ మెల్లదనమే ఆమెను ఎక్కువ కాల్చింది.

సాయంత్రం బస్సు సాత్తూరు దాటినా మనసు ఒక చోట నిలవలేదు. అవయవం కోసం ఎదురుచూస్తూ, ఈ రోజు కబురు అందాల్సిన మనిషి ఎవరో మదురైలో ఉన్నారు. వాళ్ళకు తాను చేసింది అన్యాయం కాదా? ఇంకో అరగంట కూర్చుంటే తమిళ్‌సెల్వి ఒప్పుకునేదేమో. ఒప్పించడం తనకు తెలుసు. తెలుసు కాబట్టే భయం. తనను ఒప్పించినవాళ్ళంతా అలాగే పక్కన కూర్చుని, మెల్లగా, ప్రేమగా ఒప్పించారు. పై చదువు మానడానికి, పెళ్ళికి, వద్దనుకున్న రెండో కాన్పుకు. తాను తలూపిన ప్రతిసారీ అందరూ ఎంత సంతోషపడ్డారో గుర్తుంది. తనకేం అనిపించిందో ఎంత వెతికినా గుర్తు రాలేదు.

స్నానం చేసి తడి తలతో దోసెలు పోస్తుంటే పాండియరాజన్ గడప దగ్గరికొచ్చాడు. మధ్యాహ్నం తానే ఆమె సూపరింటెండెంటుకు ఫోన్ చేసి మాట్లాడానన్నాడు. వచ్చే నెల నుంచి ఆమెకు పిల్లల వార్డులో పని. రేపు ఆమె ఒక సంతకం పెడితే చాలు. అమ్మకూ మనసు కుదుటపడుతుంది.

కర్పగం పొయ్యి ఆపింది. పెనం మీద దోసె సగమే కాలింది.

"నన్నడగండి," అంది.

"అదే చెప్తా ఉండానే."

"చెప్పేది కాదు. అడగండి. నేను సరే అనొచ్చు, వొద్దనొచ్చు. ఏది చెప్పినా ఊరుకునేటట్టు అడగండి."

ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. లోపల్నుంచి అత్త దోసె ఏదని పిలుస్తోంది. పాండియరాజన్ తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమని అడిగేది?" అన్నాడు చివరికి.

పన్నెండేళ్ళ కాపురంలో, జవాబు ముందే తెలియకుండా అతను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.