ఆఖరి రోజుకు దాచిన ఓట్లు

ఏటికి వరదొచ్చి చేపల షెడ్డు కప్పు ఎత్తుకుపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. అప్పటికి వేలం పాట టార్పాలిన్ కిందే సాగుతోంది. గాలి లేస్తే ఒక మూల ఎగిరేది, నలుగురు పరుగెత్తి పట్టుకునేవాళ్లు, పాట మాత్రం ఆగేది కాదు. పాట నడిపేది మూడోసారి మామ. ఒకటోసారి, రెండోసారి ఎవరైనా అంటారు. మూడోసారి అనడానికి ముందు ఆయన ఆగే ఆగడం ఇంకెవరికీ చేతకాదు. రేటు పెరిగేది ఆ ఆగడంలోనే. పేరు అలా వచ్చింది.

షెడ్డు మళ్లీ కట్టాలా వద్దా అన్నది పురపాలక ఆఫీసుకు తేలలేదు. ఊరందరినీ ఫోన్లలోనే అడుగుదామన్నారు. ఏటి ఒడ్డున ఏం కావాలి? నడవడానికి పార్కా, కార్లు నిలిపే చోటా, చేపల షెడ్డా? నెల రోజులు గడువు, ఫోనుకు ఒక ఓటు. ఆ కబురు చెప్పడానికి ఆఫీసు మేడమ్ ఒకామె షెడ్డు దగ్గరకే వచ్చింది. చెప్పులు తడవకుండా బోర్లించిన బుట్ట మీద నిలబడి మాట్లాడింది.

"మధ్యలో ఒకసారి దేనికెన్ని వచ్చాయో పంపిస్తామండీ. దాచేదేం లేదు. అది చూసి మనసు మార్చుకోవాలన్నా మార్చుకోవచ్చు."

ఆమె అటు వెళ్లగానే అందరూ ఫోన్లు తీశారు.

"ఆగండి," అన్నాడు మామ.

"ఆగడమెందుకు మామా, నొక్కేస్తే పనైపోతుంది కదా," అన్నాడు కాటా వేసే మనిషి.

"పాటకొచ్చినప్పుడు జేబులో ఎంతుందో ముందే చెప్తావా నువ్వు?"

"చెప్తే ఇంకేముంది, అవతలివాడు దాని మీద ఎక్కిస్తాడు."

"ఇదీ అంతే. మధ్యలో లెక్క చూపిస్తారంట. మన బలం చూశాక పార్కు కావాలన్నవాళ్లు ఊరుకుంటారా? చుట్టాలనీ పక్కాలనీ వెంటేసుకొస్తారు. మనం ఆఖరి రోజు సాయంత్రం నొక్కుదాం, అందరం ఒక్కసారే. వాళ్లు తేరుకునేలోపు పాట మనదైపోవాలి."

ఐసు కొట్టే బావమరిది నవ్వాడు. "పెళ్లిచూపుల్లోనూ ఇంతే మా బావ. ఊ అనడు, ఆ అనడు. మా నాన్న కట్నం పెంచుతూనే పోయాడు. చివరికి లాభం ఆయనది, మునిగింది మా అక్క."

అందరూ నవ్వారు. ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. పాట విషయంలో మామ మాటకు ఎదురాడినవాడు అంతకుముందు ఎవడూ లేడు.

ఆయనకూ ఇది ఆట కాదు. కొడుకు పడవ ఎక్కితే నెలల తరబడి ఇంటి ముఖం చూడడు. కోడలు ఆ షెడ్డులోనే ఒక మూల కూర్చుని, కొన్నవాళ్లకు చేపలు కోసి ఇస్తుంది. షెడ్డు లేకపోతే పాట లేదు, పాట లేకపోతే ఆమె మూల లేదు, ఆ రెండూ లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు.

మధ్యలో పంపుతామన్న లెక్క కోసం మామ రోజూ అడిగేవాడు. ఎవరి ఫోనుకూ రాలేదు. "ఆలస్యం చేస్తున్నారంటే వాళ్లకే ఎటూ తేలడం లేదన్నమాట," అనుకుని లోలోపల సంతోషించాడు కూడా. కోడలు మాత్రం అన్నం వడ్డిస్తూ తలెత్తేది కాదు.

ఒక సాయంత్రం గిన్నెలు తోముతున్నదల్లా చేయి ఆపింది.

"మామయ్యా, కోప్పడకండి."

"చెప్పు."

"మేడమ్ వచ్చిన రోజే నేను నొక్కేశాను. మీరు ఆగమనేలోపే వేలు పడిపోయింది."

"ఒక్కటేగా. పోనీలే."

"అది కాదు." చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసింది. "ఇది వచ్చి వారమైంది. చెప్తే నేను నొక్కినట్టు తెలిసిపోతుందని..."

చదివి వినిపించింది. పాల్గొన్నందుకు కృతజ్ఞతలట. ఇప్పటివరకు పార్కు ముందుందట, దాని వెనక కార్ల స్థలం. షెడ్డు కోరినవాళ్లు మరీ తక్కువ. కాబట్టి మిగిలిన రోజుల్లో మొదటి రెండింటి మీదే అభిప్రాయం తీసుకుంటారట.

"మళ్లీ చదువమ్మా."

మళ్లీ చదివింది.

"మనది ఏదీ?"

"తీసేశారు మామయ్యా. ఇప్పుడు నొక్కుదామన్నా లేదు."

"మరి మిగతావాళ్లకెవరికీ రాలేదేం ఈ కబురు?"

"ఓటేసినవాళ్లకే పంపారు."

ఆయన మనసులోనే లెక్కేసుకున్నాడు. వారం ముందు చెప్పినా ఒరిగేది లేదు. కబురు పుట్టేసరికే షెడ్డు పోయింది. ఆమె భయం ఆమె నిద్రనే తిన్నది. షెడ్డును తిన్నది తన మాట.

మర్నాడు బావమరిదినీ కాటా మనిషినీ వెంటేసుకుని ఆఫీసుకు వెళ్లాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా వెళ్లాడు. మేడమ్ కుర్చీలు వేయించింది.

"మీవి చాలా వస్తాయనుకున్నాం పెద్దాయనా. ఒకటీ అరా తప్ప రాలేదు. మీకే అక్కర్లేదేమో అనుకున్నారు పైవాళ్లు."

"దాచాం అమ్మా."

"దాచారా? ఎందుకు?"

చెప్పాడు. ఆమె నవ్వలేదు. అడ్డు రాకుండా అంతా విన్నది.

"ఇది పాట కాదండీ. మీరు ఇంతమంది ఉన్నారని కనబడితే, చూసినవాళ్లలో కొందరు మీ వైపు మారేవాళ్లు. మధ్యలో చూపించింది అందుకే."

"తీసేస్తారని అప్పుడు చెప్పలేదు కదమ్మా."

"అప్పటికి అనుకోలేదు. లెక్క చూశాక అనుకున్నారు."

"మళ్లీ పెట్టరా?"

"ఓటేసినవాళ్లందరికీ పంపేశాక వెనక్కి తీసుకోరండీ. నేనూ అడిగి చూశాను." తన ఫోను తిప్పి చూపించి, "ఇదిగో, పార్కు అన్నదాని కింద సలహాలు రాసే చోటుంది, కావాలంటే," అంది.

"రాయించు బావా," అన్నాడు బావమరిది. "బెంచీల పక్కన చేపలు కోసుకోవడానికి ఒక మూల వదలమను."

ఎవరూ నవ్వలేదు. మేడమ్ మాత్రం దాన్ని రాసుకుంది.

ఆ సాయంత్రం టార్పాలిన్ కింద అందరినీ పిలిచి మామే చెప్పాడు. ఒక్కరూ తిట్టలేదు. తిడితే తేలికయ్యేవాడు.

"నువ్వన్నావని కాదు మామా, మాకూ అదే సబబనిపించింది," అన్నాడు కాటా మనిషి.

వెనక నుంచి ఒకడు, "పోనీ కార్లకైనా నొక్కుదామా?" అన్నాడు.

"నీకు సైకిలే లేదు, కార్లతో ఏం పనిరా నీకు?"

ఒక్కొక్కరే లేచిపోయారు.

మర్నాడు ఉదయం మామ పాటకు పోలేదు. బావమరిదిని నడిపించమన్నాడు. కోడలిని తీసుకుని ఊరి అవతల రొయ్యలు ఒలిచే కంపెనీకి వెళ్లాడు. గేటు బయట అప్పటికే ఆడవాళ్ల వరస గోడ మలుపు దాకా ఉంది. ఇద్దరూ చివర నిలబడ్డారు. ఎండెక్కాక వాళ్ల వంతు వచ్చింది.

"ముసలివాళ్లకు పని లేదు," అన్నాడు వాచ్‌మన్.

"నాకు కాదు. ఈ అమ్మాయికి. చేపలు కోసే చేయి."

"ఇక్కడ కోసేదేం లేదు తాతా, ఒలవడమే. కొత్తవాళ్లకు సగం కూలి."

కోడలు మామ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె చెప్పులు గేటు బయటే విడిచి లోపలికి వెళ్లింది. వాచ్‌మన్ గేటు వేసేశాడు. మామ గోడ నీడ వెతుక్కుని, ఆమె చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.