గుక్కెడు నీళ్ళు

జీవమ్మ చెంబు ఎత్తిందంటే చాలు, వెనక నుంచి కృపారాణి అడుగుతుంది. "అమ్మా, నీళ్ళు."

కలలో కాదు, పట్టపగలే. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పటి గొంతే అది, ఎండిపోయి, మాట చివర వట్టి గాలి మిగిలిన గొంతు. జీవమ్మ వెనక్కి తిరిగి చూడదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు. చెంబు మెల్లగా కింద పెట్టేస్తుంది.

పోయిన దసరా సెలవుల్లో పిల్లకు కడుపునొప్పి వచ్చింది. అరగలేదేమో అనుకుని వాము నీళ్ళు తాపారు. కర్నూలుకు తీసుకుపోయేసరికి లోపల పేగు పగిలి చీము పాకిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టర్లు, తాము చెప్పేదాకా నోట్లో చుక్క కూడా పోయొద్దన్నారు. ఆరో తరగతి పిల్ల. నొప్పికి ఏడవలేదు గానీ నీళ్ళకు ఏడ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలింది. జీవమ్మ దూది తడిపి పెదాలకు అద్దింది, అంతే. "డాక్టరు చెప్పనీ తల్లీ, కడుపునిండా తాపుతా" అంది. డాక్టరు చెప్పకముందే పిల్ల పోయింది.

చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చి వచ్చిన నాటి నుంచి జీవమ్మకు నీళ్ళంటే భయం పట్టుకుంది. అన్నంలో చారు ఎక్కువ పోసుకుని, ఒంటికి ఆ తడి చాలులే అనుకునేది. మొగుడు లాజరు బండల ఫ్యాక్టరీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఇద్దరూ పిల్ల పేరు ఎత్తేవాళ్ళు కాదు.

ఎండలు ముదిరాయి. మిరప కోతకు పోయిన జీవమ్మ ఒకనాడు సాలు మధ్యలో కూలబడిపోయింది. కూలీలకు పెద్దదిక్కయిన గంగక్క ఆమెను ఆటోలో వేసుకుని మండలం ఆసుపత్రికి తెచ్చి, ఫ్యాక్టరీకి ఫోను చేయించింది.

నర్సు మధులత సెలైన్ పెట్టింది. "ఒంటికి పోయేటప్పుడు మంట ఎన్నాళ్ళ నుంచి ఉండాదమ్మా?"

"శానా దినాల్నుంచి."

"ఇట్లే ఉంటే కిడ్నీలు పాడైపోతాయి. నీళ్ళు తాగాల."

గంగక్క గ్లాసు నోటి దగ్గర పెట్టింది. జీవమ్మ మొహం తిప్పుకుంది.

"ఏమైండాది నీకు? నాకన్నా చెప్పు."

"పాప అడుగుతాండాది గంగక్కా." జీవమ్మ పైనున్న సీసా వంక చూస్తూ చెప్పింది. "దానికియ్యని నీళ్ళు నేనెట్ల తాగేది? అంతగా అడిగితే ఒక్క చుక్క పోయలేదు. పోయే బిడ్డ, గొంతెండి పాయె."

అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు లాజరు. బండల దుమ్ము మొహాన అలాగే ఉంది.

"తాగింది" అన్నాడు.

"ఏంది?"

"పాప తాగింది. నువ్వు మందులకని కిందికి పోయింటివి చూడు, అప్పుడు. నాయనా, ఒక్క గుక్క అనింది. నాకు పానం ఒప్పలేదు. బాటిల్ మూత నిండా పోసి తాపినా. మళ్ళా అడిగితే ఇంకో మూత." గోడ పట్టుకున్నాడు. "తెల్లారి పాయె. నేనే సంపినా జీవమ్మా. నీకెట్ల చెప్పేది?"

జీవమ్మ మొగుడినే చూసింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు.

"ఎట్ల తాగింది?"

"కండ్లు మూసుకోని."

"దగ్గొచ్చిందా?"

"లేదు. సల్లగుండాది నాయనా అనింది."

ఆ మాటకు జీవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చీము ఒళ్ళంతా పాకితే డాక్టర్లకే సాధ్యం కాదని, రెండు మూతల నీళ్ళకు పిల్ల పోలేదని మధులత చెప్పింది. లాజరు తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. జీవమ్మ గంగక్క చేతిలోని గ్లాసు తీసుకుని, గుటక గుటకకూ ఆగుతూ తాగింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక లాజరు మళ్ళీ గోడకు ఆనుకునే కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అతను సగం సంగటి వదిలేస్తున్నాడని, రొమ్ము ఎముకలు తేలాయని ఆమె అప్పుడే గమనించింది. పళ్ళెం తెచ్చి పక్కనే కూర్చుంది.

"నువ్వు తాపకుంటే అది ఎండిపోయిన గొంతుతోనే పోయుండు. తిను."

అతను తినలేదు. ఆమె లేవలేదు. సంగటి చల్లారిపోయాక ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గొంతు వినిపించడం మానలేదు. ఒక పూట వస్తుంది, ఒక పూట రాదు. రాని పూట జీవమ్మకు ఇంకా భయం, చెంబు పట్టుకుని చెవులు రిక్కించి నిలబడుతుంది. తిరిగి కోతకు పోయిన నాడు మిట్టమధ్యాహ్నం, చేనంతా మిరప ఘాటు కమ్ముకున్న వేళ, చెవి పక్కనే వినబడింది.

"అమ్మా, నీళ్ళు."

నోటి దాకా ఎత్తిన నీళ్ళ సీసాను అలవాటుగా దించబోయిన చెయ్యి ఆగింది.

"మీ నాయన ఇచ్చినాడంట కదమ్మా" అంది జీవమ్మ, పక్క సాలులోని ఆడవాళ్ళు వింటున్నా లెక్కచేయకుండా. జవాబు కోసం కాసేపు చూసింది. వేడిగాలి మిరప ఆకులను కదిలించి పోయింది. కళ్ళు మూసుకుని తాగింది. సగమయ్యేదాకా సీసా దించలేదు.