వెనక కూలబడే బండి

రోజూ పొద్దున్నే హార్బర్లో సేపలెత్తి తగరపువలస మార్కెట్టుకి తోలతాను. లోడు పడగానే నా పికప్ వెనక కూలబడిపోద్ది. గొయ్యి తగిల్తే సాలు, టైరు బాడీకి రాసుకుంటాది.

నెల కిందట మల్కాపురం మెకానిక్ నిసార్ బరువెంతో అడిగి, బరువు మోసే వెనక కమాన్లకి రెండు పక్కలా ఒక్కో ఇనప పట్టీ ఎక్కువేశాడు. రెండేసేస్తే ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు నడుం ఇరిగిపోద్దన్నాడు. ఒకటేశాడు, అయినా బండి అలాగే ఉంది. ఈరోజు లోడుతోనే అతని షెడ్డుకి ఎళ్ళిపోయాను.

"నువ్వేసింది డూప్లికేటు పట్టీ. అవతల మా ఆవిడ సిట్టమ్మ మార్కెట్లో కూకుని ఫోన్ల మీద ఫోన్లు సేత్తంది. బేగి సూడు."

నిసార్ తొందరపడలేదు. టైరుకీ బాడీకీ మధ్య వేలు పెట్టబోతే దూరలేదు.

"బరువెంతన్నావ్ బావా?"

"ఎన్నిసార్లు సెప్పాల? ఇరవై బాక్సులు. ఎనిమిదొందల కేజీలు."

అతను టార్పాలిన్ ఎత్తి చూశాడు. "మరి ఈ ఐసో?"

"ఐసుని ఎవుడు తూకమేత్తాడు? మా తాత కాడ్నించీ సేపల్నే లెక్కెడతాం. అదెలాగూ కరిగిపోద్ది."

"కరిగేది తగరపువలస ఎళ్ళేసరికి. అందాకా మోసేది నీ బండే. దిమ్మలెన్ని కొట్టించావ్?"

"పది."

దిమ్మ యాభై కేజీలని నాకూ తెలుసు. ఫోన్ మళ్ళీ మోగింది, ఎత్తలేదు. నాలుగేళ్ళుగా రోడ్డుని తిట్టాను, నెల్రోజులుగా నిసార్‌ని తిట్టాను. వెనక డోరు సందులోంచి, నాను లెక్కెయ్యని బరువు సుక్కసుక్కా కారతంది.