అత్తగారు పక్క తిరిగారు

అత్తగారు మంచాన పడ్డా ఆవిడ పెత్తనం మాత్రం లేచే తిరుగుతోంది. కాళ్లలో సత్తువ పోయింది గానీ కళ్లకూ నోటికీ ఏ లోటూ రాలేదు. హాల్లో మంచం వేయించుకున్నదే వంటింటి గుమ్మం కనబడాలని. తెల్లారింది మొదలు ఎడమవైపు ఒత్తిగిలి, కోడలు కూరలో ఉప్పెంత వేస్తోందో ఓ కంట కనిపెడుతుంటారు. ఇంట్లోవాళ్లు చాటుగా ఆవిడకి పెట్టుకున్న పేరు కమిషనర్.

ఎంతసేపూ ఒకే పక్క పడుకుంటే ఒళ్లు ఊరుకుంటుందా? ఎడమ తుంటి మీద ఎర్రటి మచ్చ తేలింది. వారానికోసారి ఇంటికొచ్చి చూసే నర్సు దాన్ని వేలితో నొక్కి వదిలింది.

"నొక్కినప్పుడు తెల్లబడితే పర్వాలేదక్కా. ఇది ఎర్రగానే ఉంది, చూశారా? లోపల దెబ్బ మొదలైంది. రుద్దొద్దు, నూనె రాయొద్దు. ఈ వారం ఈ పక్క అసలు బరువు పడకూడదు. కాసేపు వెల్లకిలా, కాసేపు కుడివైపు. రెండు గంటలకోసారి మార్చండి. చర్మం చిట్లి పుండు పడిందా, ఆస్పత్రిలో చేర్చాల్సిందే."

ఆస్పత్రి పేరెత్తగానే అత్తగారి మొహం పాలిపోయింది. కోడలికీ భయమేసింది. ఆవిడ మీద ఎంత విసుగున్నా, పుండు పడి బాధపడుతుంటే చూసే ధైర్యం తనకి లేదు.

నర్సు అటు వెళ్లగానే కోడలు ఆవిడని కుడివైపు తిప్పి, వెనక దిండు పెట్టింది. అటు గిన్నె చప్పుడైందో లేదో, దిండు కింద పడింది, అత్తగారు మళ్లీ ఎడమవైపే.

"అత్తయ్యా! నర్సు ఏం చెప్పింది?"

"గోడని చూస్తూ పడుండటానికి నేనేమన్నా బల్లినా?"

బతిమాలినా, కసిరినా అదే వరస. ఇక ఇలా కాదని కోడలు ఆడపడుచుతో కలిసి ఒక ఎత్తు వేసింది. మంచానికీ గోడకీ మధ్య కుర్చీ ఇరికించుకుని ఆమెకి ఫోన్ చేసింది.

"వదినా, మీకొక్కరికే చెబుతున్నా, ఎవరితో అనకండి..." అని గొంతు బాగా తగ్గించింది.

అంతే. కమిషనర్ గారు గురక నటిస్తూ మెల్లగా ఇటు తిరిగారు. ఒళ్లంతా చెవులు చేసుకుని పడుకున్నారు. మరిదిది సొంత జుట్టు కాదనీ, విగ్గనీ కోడలు అల్లింది. పక్కింటావిడ మొగుడికి నిద్రలో పాటలు పాడే జబ్బుందని చెప్పింది. రోజుకో కొత్త పుకారు పుట్టించలేక కోడలి బుర్ర వేడెక్కింది గానీ, అత్తగారు మాత్రం ఎడమవైపు తిరిగితే ఒట్టు.

వారం తిరిగేసరికి నర్సు వచ్చి ఎడమ తుంటి చూసింది. మచ్చ మాయమైంది. కోడలు గర్వంగా తలెత్తింది. నర్సు కుడి తుంటి నొక్కింది. ఎర్రగా ఉంది. మళ్లీ నొక్కింది. ఎర్రగానే ఉంది.

"ఇదేంటక్కా? ఈ పక్కనుంచి అసలు కదల్చలేదా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎడమవైపు తిరగనివ్వకూడదన్న ధ్యాసలో కోడలు రెండు గంటల మాటే మరిచిపోయింది. తన తెలివే ఆవిడ ఒంటి మీదకి తెచ్చింది. నర్సు మళ్లీ మొదట్నించీ జాగ్రత్తలన్నీ చెప్పి, "ఇక కుడివైపు వద్దు" అని వెళ్లిపోయింది.

"నాదే తప్పు అత్తయ్యా. మిమ్మల్ని ఇటు తిప్పాలనే ఆ కబుర్లన్నీ కల్పించాను."

"తెలుసులేవే. వాడిది విగ్గంటే నమ్ముతానా? వాడికి తలంటి పెంచిందాన్ని."

"తెలిసీ అటే పడుకున్నారా? నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది. నేనటు తిరిగితే నువ్వు లేచి పోతావని భయం. ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో నా పక్కన అంతసేపు కూర్చున్నావా ఎప్పుడైనా?"

"కూర్చోమని పిలవొచ్చు కదా!"

"పిలిస్తే ఏదో పని చెబుతాననుకుంటావుగా."

కోడలు నవ్వబోయింది, కళ్లలో నీళ్లొచ్చాయి. ఆవిడని జాగ్రత్తగా ఎడమవైపు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు సర్దింది. ఫోను పక్క గదిలో పడేసి వచ్చి, కుర్చీ ఇటువైపు లాక్కుని కూర్చుంది.